చందాదారు పేరు

2019 జనవరి చివరి వారంలో మా ఇంటికి రెండు కాయితాలు వచ్చాయి. ఒకటి ఫ్యామిలీ కోర్టు విడాకుల డిక్రీ కాపీ. దాన్ని లాయర్ గారి ఆఫీసు నుంచి నేనే వెళ్లి తెచ్చుకున్నాను కాబట్టి 'వచ్చింది' అనడం అంత సరికాదేమో. రెండోది మాత్రం నిజంగానే తలుపు కింద నుంచి లోపలికి వచ్చింది. కేబుల్ ఆపరేటర్ వేసిపోయిన ఫారం. ఫిబ్రవరి 1 నుంచి కొత్త రూల్స్ వస్తున్నాయనీ, ఏ చానళ్లు కావాలో టిక్కులు పెట్టి ఇవ్వకపోతే కనెక్షన్ ఆగిపోతుందనీ పైన రాసుంది. దాని కింద మొదటి గడి: చందాదారు పేరు.

ఆ గడిలో అప్పటికే ప్రింటు చేసి ఉన్న పేరు నాది కాదు. డిక్రీలో రెండో పిటిషనర్‌గా ఉన్న మనిషిది.

విడిపోయేటప్పుడు మేం ఒప్పంద పత్రంలో చాలా రాసుకున్నాం. ఇంటి అడ్వాన్సు ఎవరిది, బంగారం ఎవరిది, పాప స్కూలు ఫీజులో ఎవరి వాటా ఎంత, ఫ్రిజ్ ఎవరికి, టీవీ ఎవరికి. టీవీ నాకొచ్చింది. కనెక్షన్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మల్కాజ్‌గిరిలో మేం ఉన్న అద్దె ఇంట్లోనే నేనూ పాపా ఉండిపోయాం. మాకు తోడుగా ఉండడానికి తెనాలి నుంచి అమ్మ వచ్చింది. ఆయన వేరే చోటికి వెళ్లాక కూడా కేబుల్ డబ్బులు ఫోన్లోంచి ఆయనే కట్టేవాడు. పరస్పర అంగీకారంతో విడాకులకి వేసుకున్నాక కోర్టు ఆరు నెలలు ఆగమంటుంది కదా, ఆ ఆరు నెలలూ కూడా కట్టాడు. ఆ గడువు తప్పనిసరి కాదనీ, తగిన కేసుల్లో జడ్జి మాఫీ చెయ్యొచ్చనీ సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. మా కేసులో మాఫీ అడగలేదు. డిక్రీ వచ్చిన నెల నుంచి మాత్రం డబ్బులు ఎవరు కట్టాలన్న ప్రశ్న నాదైంది.

ఆ రాత్రి పాత డైరీ వెనక పేజీలో ఖర్చులు రాసుకున్నాను. అద్దె, స్కూలు ఫీజు, స్కూలు బస్సు, పాలు, గ్యాసు, అమ్మ బీపీ మాత్రలు, కరెంటు, కేబుల్. కొట్టెయ్యడానికి వీలైనవి వెతికితే ఒక్కటే దొరికింది. నెలకు మూడొందల లోపే. కానీ ఏడాదికి లెక్కేస్తే పాప బస్సు ఫీజులో ఒక టర్ము.

ఇంత చిన్న పద్దు కొట్టెయ్యడానికి అంత ఆలోచన ఎందుకు పట్టిందో తెలుసుకోవాలనుకుని తర్వాత నేను చదువుకుంటూ పోయిన విషయాలే ఈ వ్యాసం.

*

మన దేశంలో చాలామంది పల్లెజనం మొదట చూసిన టీవీకి చందాదారు లేడు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, సరిగ్గా ఏడాది, ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లలో ఉపగ్రహం ద్వారా టీవీ ప్రసారాలు చేశారు. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగానికి ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని అమెరికా నాసా నుంచి ఏడాదికి అరువు తెచ్చుకున్నారు. ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ఊళ్లకి పంపిన సెట్లు తయారైంది హైదరాబాద్ ఈసీఐఎల్‌లోనే. మా ఇంటి నుంచి ఈసీఐఎల్‌కి ఇప్పుడు బస్సులో అరగంట.

టీవీని బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పెట్టేవాళ్లు. ఊరంతా కింద కూర్చుని చూడాలి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పిల్లలకి పాఠాలు. పంతులుగారు చెప్పే ధోరణి అందులో బోలెడంత ఉందన్నది నిజమే. కానీ టీవీ ఎవరిదన్న ప్రశ్న అక్కడ లేదు. నెలకు ఎంత అన్న ప్రశ్నా లేదు. భర్త వదిలేసిన మనిషీ, భర్త పోయిన మనిషీ, పెళ్లికాని మనిషీ అందరితో పాటే వచ్చి కూర్చోవచ్చు. కనీసం రూలు ప్రకారం. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని నాసా వెనక్కి తీసుకుంది.

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1982 ఏషియాడ్‌కి రంగులొచ్చాయి. ఆ తర్వాత రెండు మూడేళ్లలో దేశమంతా ట్రాన్స్‌మిటర్లు లేచాయి. టీవీ పంచాయతీ ఆఫీసులోంచి ఇళ్లలోకి వచ్చింది. ఇంట్లోకి వచ్చాక దానికి ఒక ఓనరు కావలసి వచ్చాడు.

తెనాలిలో మా ఇంటికి టీవీ వచ్చింది 1987లో, రామాయణం మొదలైన ఏడాది. చెక్క శటరు తలుపులున్న నలుపు తెలుపు సెట్టు. అమ్మ రెండేళ్లు కట్టిన చీటీ పాడి తెచ్చిన డబ్బు అది. షాపు బిల్లు మీద నాన్న పేరుంది. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. బిల్లు రాసేవాడు "పేరు చెప్పండి" అంటే అమ్మే నాన్న పేరు చెప్పిందట.

ఆదివారం పొద్దున్న మా ముందు గది నిండిపోయేది. తర్వాత 1988 అక్టోబరులో మహాభారతం మొదలయ్యాక వసారాలో కూడా జనం. విజయవాడ వైపు తిప్పిన యాంటెన్నా గాలికి పక్కకి తిరిగితే ఎవరో ఒకరు మేడెక్కేవాళ్లు. హిందీ ఎవరికీ రాదు. కథ అందరికీ వచ్చు. వచ్చినవాళ్లకి అమ్మ చాపలు వేసేది. చాకిరేవు నుంచి వచ్చే ఒక ముసలావిడ ఎప్పుడూ గడప దగ్గరే కూర్చునేది. "లోపలికి రా" అని అమ్మ ప్రతివారం పిలిచేది. ఆవిడ ప్రతివారం "ఇక్కడ బానే ఉందమ్మా" అనేది. ఆ గడపని నేను చాలా ఏళ్ల తర్వాత అర్థం చేసుకున్నాను. అప్పుడు మాత్రం మాకు టీవీ ఉందన్న గర్వం తప్ప ఇంకేం తెలీదు.

*

కేబుల్ కథ వేరే దారిలో వచ్చింది. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధాన్ని పెద్ద హోటళ్ల డిష్‌లలో సీఎన్ఎన్ చూపించింది. అదే ఏడాది హాంకాంగ్ నుంచి స్టార్ టీవీ మొదలైంది. ఏషియాశాట్-1 ఉపగ్రహం నీడ మన దేశం మీద కూడా పడుతుంది కాబట్టి డిష్ ఉన్నవాడికి చానళ్లు ఊరికే దొరికాయి. 1992 అక్టోబరులో జీ టీవీ వచ్చింది. 1995లో తెలుగులో జెమిని, ఈటీవీ వచ్చాయి. వీటిని ఇళ్లకి చేర్చింది ఏ పెద్ద కంపెనీ కాదు. మా వీధి చివర వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే అతనే మేడ మీద డిష్ పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా, వేపచెట్టు కొమ్మల మీదుగా నల్ల వైరు లాగాడు. దేశమంతా దాదాపు ఇలాగే జరిగింది. అనుమతి ఎవరినీ అడగలేదు. అడగడానికి చట్టమే లేదు.

చట్టం వచ్చింది 1995లో. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ చట్టం. ఆపరేటర్ వెళ్లి రిజిస్టర్ చేసుకోవాల్సింది ఎక్కడో తెలుసా? హెడ్ పోస్టాఫీసులో. ఆకాశం నుంచి వచ్చే బొమ్మలకి ఉత్తరాల ఆఫీసులో లైసెన్సు. అదే ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, క్రికెట్ ప్రసార హక్కుల మీద వచ్చిన కేసులో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అంది. ప్రభుత్వానిదీ కాదు, వ్యాపారిదీ కాదు, ప్రజలది. గొప్ప మాట. ఆ ప్రజలు మా వీధిలో నెలకి అరవై రూపాయలు కట్టేవాళ్లు.

ఒకటో తారీకు దాటాక కేబుల్ అబ్బాయి వచ్చేవాడు. "అమ్మా, కేబుల్!" పాలవాడి కేక, పేపరు వాడి కేక, ఇది మూడోది. పోపుల డబ్బాలోంచి డబ్బు తీసి ఇచ్చేది అమ్మ. అతను పసుపు కార్డు మీద ఆ నెల గడిలో సంతకం గీకేవాడు. కార్డు మీద పేరు నాన్నది. ఆడవాళ్లు డబ్బిచ్చే ఖర్చుల మీద మగవాళ్ల పేర్లుండడం అప్పట్లో ఎంత మామూలంటే, దాన్ని చూడాలని కూడా ఎవరికీ అనిపించేది కాదు. గ్యాసు బుక్కూ అంతే, రేషను కార్డూ అంతే.

ఆ కార్డులకి వెనక మరో లెక్క కూడా ఉంది. ఆపరేటర్ దగ్గర నిజంగా ఎన్ని ఇళ్లున్నాయో ఎవరికీ తెలిసేది కాదు. అతను వంద ఇళ్లలో వసూలు చేసి చానళ్లవాళ్లకి కొన్నే చూపించేవాడు. చానళ్ల కంపెనీలకీ ఆపరేటర్లకీ ఏళ్ల తరబడి జరిగిన గొడవ ఇదే. అంటే కేబుల్ చూసే ఇళ్లలో పెద్ద భాగం ఏ పుస్తకంలోనూ లేదు. వైరు ఉంది, డబ్బు కడుతున్నారు, కాయితం మీద మాత్రం ఆ ఇల్లు లేదు.

*

ఇక్కడ ఇంకో నెలవారీ లెక్క చెప్పాలి. కేబుల్‌తో దానికేం సంబంధం అనిపించొచ్చు. డైరీ వెనక పేజీలో ఖర్చులు రాసుకున్న రాత్రి నుంచి నాకు రెండూ కలిసే కనిపిస్తున్నాయి.

మా తెనాలి అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అక్కడ హిందువులకి చట్టప్రకారం విడాకులు 1949లోనే వచ్చాయి, ద్విభార్యత్వ నిషేధంతో పాటే. దేశమంతటికీ 1955 హిందూ వివాహ చట్టంతో వచ్చాయి. పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు 1976 సవరణతో వచ్చింది. ఇదంతా విడిపోవడం గురించి. విడిపోయాక బతకడం గురించి ఉన్న అంకె వేరు. భర్త పోషించని భార్య తొందరగా, పెద్ద ఖర్చు లేకుండా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి భరణం అడిగే దారి 2024 దాకా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉండేది. 1973 కోడ్‌లో అది 125వ సెక్షన్. ఆ దారిలో వెళ్లిన మనిషికి నెలకు ఎంత ఇవ్వొచ్చో చట్టమే పైపరిమితి పెట్టింది. అయిదు వందల రూపాయలు. ఆ అంకె 1955లో పెట్టింది. 1973లో కోడ్ మొత్తం తిరగరాసినా దాన్ని అలాగే ఉంచారు. కొన్ని రాష్ట్రాలు పెంచుకున్నాయి గానీ, కేంద్ర చట్టంలో ఆ పరిమితిని తీసేసింది 2001లో. సివిల్ కోర్టు దారిలో పరిమితి లేదు. కానీ ఆ దారి పొడవు, వెళ్లినవాళ్లకి తెలుసు.

షాబానో కేసు గురించి మనం మతం, రాజకీయం అనే మాటలే ఎక్కువ విని ఉంటాం. అందులో రూపాయల లెక్క ఎవరూ పెద్దగా చెప్పరు. ఇండోర్‌లో లాయరైన భర్త మీద 1978లో ఆవిడ అడిగింది నెలకు 500, అంటే చట్టం ఇవ్వగలిగినంత. 1979లో మేజిస్ట్రేటు ఇచ్చింది 25 రూపాయలు. 1980లో హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. 1985 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి దేశాన్ని ఊపేసిన కేసులో నెలవారీ మొత్తం అది. ఆ ఇరవై పైసల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎవరో కూర్చుని ఒక మనిషి నెల బతుకుని పైసలతో సహా లెక్కేశారు.

2001లో భార్య భరణం మీద పైపరిమితి పోయింది. 2004లో ట్రాయ్ కేబుల్ రేట్ల మీద పైపరిమితి పెట్టింది, 2003 డిసెంబరు 26 నాటికి ఎంత ఉంటే అంతకి మించి పెంచొద్దని. ఈ రెండిటికీ ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూడండి. కేబుల్ బిల్లు పెరిగిపోతోందని ప్రేక్షకులు గోల చేస్తే పదేళ్లలో ప్రభుత్వం కదిలింది. అయిదు వందల అంకె కదలడానికి నలభై ఆరేళ్లు పట్టింది. కేబుల్ చందాదారుడు ఓటరు, ఇంటి యజమాని, పేపర్లకి ఉత్తరాలు రాసే మనిషి. భరణం అడిగే మనిషి కోర్టు వరండాలో మాత్రమే కనిపించే మనిషి.

*

లెక్కలో లేని ఇళ్ల సమస్యకి సెట్‌టాప్ బాక్సు మందు అనుకున్నారు. 2011లో కేబుల్ చట్టాన్ని సవరించారు. నాలుగు మహానగరాల తర్వాత రెండో విడతలో, 2013 మార్చి 31 గడువుగా, హైదరాబాద్, విశాఖపట్నం డిజిటల్ కేబుల్‌లోకి మారాలి. ప్రతి ఇంటికి ఒక బాక్సు, బాక్సుకి ఒక నంబరు, నంబరుకి ఒక పేరు. పసుపు కార్డు పోయి, గుర్తింపు కార్డు జిరాక్సుతో దరఖాస్తు వచ్చింది. మాకు బాక్సు పెట్టిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. ఆయన ఇంట్లో ఉన్నాడు. జిరాక్సు ఆయనది. అంతే. ఏ కుట్రా లేదు, ఆరోజు ఎవరికి సెలవో వాళ్ల పేరు. కాకపోతే నాకు సెలవున్నా కూడా ఆయన జిరాక్సే ఇచ్చి ఉండేదాన్నని నాకు తెలుసు. అమ్మ షాపులో నాన్న పేరు చెప్పినట్టే.

2019 ఫారం ఈ వరసలో ఆఖరిది. మీకు కావలసిన చానళ్లకే డబ్బు కట్టండి అని ట్రాయ్ చెప్పింది. వినడానికి చాలా బాగుంది. 2019లో లెక్క ఇలా ఉండేది: ముందు నెట్‌వర్క్ ఫీజు అని వంద చానళ్లకి 130 రూపాయల దాకా. దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 153 రూపాయల 40 పైసలు. మళ్లీ పైసలు! ఈ వందలో దూరదర్శన్ చానళ్లు తప్పనిసరి, మిగిలినవి మనం ఎంచుకోవచ్చు. పే చానళ్లు ఎంచుకుంటే వాటి ధర విడిగా కట్టాలి. మా ఇంట్లో నిజంగా కావలసింది ఒక్క చానలే. స్టార్ మా. అందులో కూడా అరగంట. అమ్మకి సాయంత్రం ఏడున్నరకి కార్తీక దీపం.

ఆ చానల్ ధర 19 రూపాయలు. జీఎస్టీతో కలిపి 22 పైచిలుకు. అంటే ఇరవై రెండు రూపాయల వస్తువు కొనాలంటే ముందు నూట యాభై మూడు రూపాయల గడప దాటాలి. పాప కార్టూన్లూ, నాకు వార్తలూ, ఓ సినిమా చానలూ వేసుకుంటే మళ్లీ పాత బిల్లుకే వచ్చాం. నేను మూడుసార్లు కూడాను. మూడుసార్లూ అంతే వచ్చింది.

కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేసి కనెక్షన్ తీసెయ్యమన్నాను. అవతల అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "కనెక్షన్ సార్ పేరు మీదున్నది మేడం. సార్‌తోని ఒకసారి ఫోన్ చేపియ్యండి, బంద్ చేస్తం."

కోర్టు మమ్మల్ని ఇద్దరు వేరు వేరు మనుషులుగా ప్రకటించి వారమైంది. కేబుల్ ఆఫీసుకి ఇంకా తెలీదు. ఆ అబ్బాయికి డిక్రీ చూపించాలా? నా పెళ్లి రద్దయిందని వాడికి చెప్పి, మూడొందల రూపాయల కనెక్షన్ రద్దు చేయించుకోవాలా? వద్దనుకుని ఆయనకే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. విడాకుల తర్వాత మా మొదటి సంభాషణ అదే. 'కేబుల్ నీ పేరు మీద ఉందట. క్యాన్సిల్ చెయ్యమని వాళ్లకి ఫోన్ చెయ్యి.' పది నిమిషాలకి జవాబొచ్చింది. 'ఎందుకు తియ్యడం? అత్తయ్య సీరియల్ చూస్తుంది కదా. నేను కడతాలే, ఉండనీ.'

మంచి మాటే. ఆయన చెడ్డవాడని నేనెప్పుడూ అనలేదు. చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని 'వద్దు' అని రాశాను. మర్నాడు మధ్యాహ్నానికి టీవీలో బొమ్మ పోయింది.

*

కార్తీక దీపం చూడని వాళ్లకి: దీప అనే ఆవిడ మీద డాక్టరైన భర్త అనుమానపడతాడు. ఆవిడ బయటికొచ్చి, వంటలు చేసి అమ్ముకుంటూ కూతుర్ని పెంచుకుంటుంది. ఊరంతా ఆవిడని వంటలక్క అంటారు. 2017లో మొదలై 2023 దాకా నడిచింది. ఆ సంవత్సరాల్లో తెలుగు ఇళ్లలో ఈ కథ తెలియని మనిషి లేరంటే అతిశయోక్తి కాదు. భర్త నుంచి విడిగా బతికే ఒక ఆడమనిషి కోసం తెలుగు ఇళ్లన్నీ రోజూ ఏడున్నరకి టీవీ ముందు కూర్చున్నాయి. వాళ్లిద్దరూ మళ్లీ ఎప్పుడు కలుస్తారా అని చూశాయి. అదొక్కటే షరతు. కలవాలి. కలవబోతున్నారన్న ఆశ ఉన్నంతసేపే విడిగా ఉన్న ఆడదాని మీద జాలి.

2011 జనగణనలో విడాకులు తీసుకున్నవాళ్లనీ, విడాకులు లేకుండానే విడిగా ఉంటున్నవాళ్లనీ వేర్వేరుగా లెక్కపెట్టారు. విడాకులైనవాళ్లు దేశమంతటా సుమారు 13.6 లక్షలు. ఊరికే విడిగా ఉంటున్నవాళ్లు దానికి రెట్టింపు పైనే. రెండు లెక్కల్లోనూ మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువ. మగవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకుని ఆ గడిలోంచి బయటికి వెళ్లిపోతారు. ఆడవాళ్లు అక్కడే ఉండిపోతారు. దీప కూడా ఆ రెండో లెక్కలో మనిషే. అన్నట్టు, ఆ సీరియల్లో దీప కేబుల్ బిల్లు కట్టడం నేనెప్పుడూ చూడలేదు.

బొమ్మ పోయిన రోజు అమ్మ నన్నేం అనలేదు. రిమోట్ తీసి గుడ్డతో తుడిచి టీవీ పక్కన పెట్టింది. మర్నాడు ఏడుం పావుకి చీర కుచ్చిళ్లు సర్దుకుని, "కింద వదినగారింట్లో చూసొస్తానే" అంది. ఇంటి ఓనరు ఆంటీని అమ్మ వదినగారూ అని పిలుస్తుంది.

నేను ఫోన్ చూపించాను. "మర్నాడు ఇందులో వస్తుందమ్మా, డబ్బులు కూడా అక్కర్లేదు."

"పాచిపోయిన సీరియల్ నాకెందుకే," అంది.

మూడు వారాలు వెళ్లింది. పాప కూడా తోడు వెళ్లేది. నాలుగో వారం మానేసింది. అడిగితే, "వాళ్లు సౌండు మరీ పెద్దగా పెడతారు, తలనొప్పి," అంది. నేను నమ్మాను. నమ్మడం సులువుగా ఉంది కాబట్టి.

ఒకరోజు అన్నం తింటూ పాప అడిగింది. "అమ్మా, నాన్న బెంగళూరులో ఉంటున్నాడా?"

"లేదు. ఎవరు చెప్పారు?"

"అమ్మమ్మ. కింద ఆంటీకి."

యాడ్లు వచ్చినప్పుడల్లా కింద ఆంటీ అడిగేదట. అల్లుడుగారు కనపడ్డంలేదే అని. అమ్మ బెంగళూరులో ప్రాజెక్టు అని చెప్పిందట. తర్వాత వారం ఎప్పుడొస్తారు అని. ఉగాదికి అని చెప్పిందట. ఉగాది దగ్గరపడింది. అమ్మ వెళ్లడం మానేసింది.

మా ముందు గదిలో చాపలు వేసిన మనిషి. గడప దగ్గరున్నావిడని లోపలికి రమ్మని పిలిచిన మనిషి. అరగంట సీరియల్ కోసం రోజూ వేరేవాళ్ల ఇంట్లో నా తరఫున ఒక అబద్ధం కట్టింది. అదే చందా. నేను 'వద్దు' అని రాసినందుకు నా గౌరవం నిలబడింది. ఆ బిల్లు ఎవరు కట్టారో నాకు అప్పుడు తెలీదు.

ఇక్కడ నేనేదో తప్పు చేశానని చెప్పడం లేదు. ఆయన డబ్బు కడితే ఆ వైరు ఆయనదే. ఆ వైరు చివర మేం ముగ్గురం ఆయన ఇంట్లో మనుషులుగానే ఉండేవాళ్లం. ఇప్పుడడిగినా వద్దనే అంటాను. కానీ పొదుపు అనే మాట వినేటప్పుడు, అది ఎవరి సాయంత్రంలోంచి వచ్చిందో కూడా రాసుకోవాలని నేర్చుకున్నాను.

*

దీనికి మందు లేకపోలేదు. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అని మొదలై, ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్ అంటున్నది ఉంది. ఒకసారి డిష్షూ బాక్సూ కొనుక్కుంటే చాలు, నెల చందా అసలు లేదు. దేశంలో నాలుగు కోట్లకి పైగా ఇళ్లలో ఉందని పరిశ్రమ అంచనాలు. సైట్‌కి మిగిలిన వారసత్వం ఏదైనా ఉంటే ఇదే అనిపిస్తుంది. చందాదారు పేరు అడగని టీవీ. కాకపోతే అది ప్రధానంగా హిందీ ఇళ్ల టీవీ. మనకి యాదగిరి, సప్తగిరి వస్తాయి గానీ, అప్పట్లో వంటలక్క రాదు. అదీగాక డిష్ పెట్టాలంటే మేడ మీద ఓనరు పర్మిషన్ కావాలి. మేడ మెట్లు కింద ఆంటీ గుమ్మం ముందు నుంచే.

అమ్మ 2020 ఫిబ్రవరిలో తెనాలి వెళ్లింది, శివరాత్రి చూసుకుని వస్తానని. మార్చిలో లాక్‌డౌన్. అక్కడే ఉండిపోయింది. మార్చి 28 నుంచి దూరదర్శన్ పాత రామాయణం మళ్లీ వేసింది గుర్తుందా? అమ్మ అదే ముందు గదిలో కూర్చుని చూసింది. మొదటి రోజే ఫోన్ చేసింది.

"అప్పుడు కాలు పెట్టడానికి చోటు లేదే. ఇప్పుడు నేనొక్కదాన్నే."

"హిందీ అర్థమైందా?"

"ఇప్పుడూ రాలా," అని నవ్వింది.

ఆ తర్వాత ఏడాది నేను తెనాలి వెళ్లినప్పుడు కేబుల్ బిల్లు మెసేజ్ చూశాను. నాన్న పోయి అప్పటికి అయిదేళ్లు. గ్యాసు బుక్కు మార్పించాం, కరెంటు మీటరు మార్పించాం, బ్యాంకు ఖాతా మార్పించాం. కేబుల్ మాత్రం ఎవరికీ గుర్తు లేదు. నెలనెలా 'ప్రియమైన చందాదారు' అని నాన్న పేరుతోనే వస్తోంది. అమ్మ నెలనెలా కడుతోంది.

"మార్పిద్దామమ్మా, నీ పేరు మీదికి," అన్నాను.

"ఉండనీవే. దానికేం పోయింది."

నేను వినలేదు. డెత్ సర్టిఫికెట్ జిరాక్సు, అమ్మ ఆధార్ జిరాక్సు పట్టుకుని ఇద్దరం వెళ్లాం. ఆఫీసులో ఉన్నది ఆ పాత వీడియో క్యాసెట్ల షాపు అతని కొడుకు. అమ్మని గుర్తుపట్టి కుర్చీ వేశాడు. ఫారం ఇచ్చాడు. మొదటి గడిలో అమ్మ తన పేరు తనే రాసుకుంది. కళ్లజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం ఆగి ఆగి. ఆ చీటీ డబ్బు టీవీకి ముప్పై నాలుగేళ్ల తర్వాత.

రాసి, ఫారం అతనికి ఇస్తూ అడిగింది.

"పేరు మారిస్తే రేటేమన్నా తగ్గుద్దా బాబూ?"